బెండు మీద గుర్తు

రేకుపెట్టె అడుగున ఉతికిన పంచెలు పరిచి, వాటి మీద రెండు తెల్లచొక్కాలు పెట్టింది లోవమ్మ. ఆవకాయ జాడీని పాతచీర ముక్కలో చుట్టి ఒక మూలకి సర్దింది. జాడీ పక్కన మిగిలిన సందులో ఎండురొయ్యల పొట్లం దూర్చబోతుంటే, కొడుకు వెంకటరాజు గుమ్మంలోంచే దణ్ణం పెట్టాడు.

“అమ్మా, రొయ్యలు మాత్రం వద్దే. పోయినేడు ఈ పెట్టె తెరిచానో లేదో, గదిలో ఉన్నవాళ్ళంతా మంచాలెత్తుకుని వరండాలోకి పోయారు.”

“పోతే పోయారు. గదంతా నీకే మిగిలింది కదా!” అంది లోవమ్మ, పొట్లాన్ని ఇంకాస్త లోపలికి నొక్కుతూ.

కోరంగిలో ఆ ఇల్లు తాతల నాటి నుంచీ సముద్రం మీద వేటతో బతికిన పల్లెవాళ్ళది. వెంకటరాజు తండ్రి పోతురాజు ఎండుచేపల వ్యాపారంలో నిలదొక్కుకుని, కాకినాడలో మెట్రిక్ ప్యాసైన ఒక్కగానొక్క కొడుకుని రంగూన్ కాలేజీకి పంపాడు. లోవమ్మ తమ్ముడు అక్కడి రేవులో గుమాస్తా. ఆ ధైర్యంతోనే పంపారు. ఏడాది చదువు అయింది. సెలవులూ అయిపోయాయి. సాయంత్రం కాలవ పడవెక్కితే తెల్లవారేసరికి కాకినాడ. అక్కణ్ణుంచి స్టీమరు.

అరుగు మీద కూర్చున్న వీరవేణి ఈ మాటలన్నీ వింటూనే ఉంది. పోతురాజు తల్లి ఆమె. డెబ్భై దాటి చాలా ఏళ్ళయింది. ఆ వయసులోనూ ముంజేతుల నిండా గాజులు, నుదుట కాసంత కుంకుమ. కుంకుమ కింద చిన్నప్పుడు పొడిపించుకున్న పచ్చబొట్టు. ఊళ్ళో కొత్తగా వచ్చిన కోడళ్ళు ఆ గాజులు చూసి, ఆమె మొగుడు ఎక్కడున్నాడని అడిగేవారు. పెద్దవాళ్ళు కళ్ళతోనే వద్దని వారించేవారు.

“ఒరే అబ్బాయ్, గొడుగు పెట్టుకున్నావా?” అని కేకేసింది.

“పెట్టుకున్నాను మామ్మా.”

“కంబళి?”

“అదీ పెట్టాను. ఇందాకే అడిగావు.”

“అడిగితే ఏం, అరిగిపోతానా? చెయ్యి ఎలా ఉంది? ఇలా రా, కట్టు మారుస్తాను. తడికట్టుతో పడవెక్కుతావా ఏంటి?”

వెంకటరాజు కదలలేదు. వచ్చిన రోజు నుంచీ అతని కుడిచేతికి గుడ్డకట్టు ఉంది. కాగే నీళ్ళు పడ్డాయని చెప్పాడు. లోవమ్మ మారుస్తానంటే తనే మార్చుకున్నాడు. వీరవేణి పసుపూ వెన్నా కలిపి పెడతానంటే మానిపోయిందన్నాడు. మానిపోతే కట్టెందుకని ఆమెకి తోచి చాలా రోజులైంది. అడగడానికే భయపడింది.

ఆ చేతి మీద ఆమె పొడిపించిన గుర్తుంది. వంపు తిరిగిన గీత, దాని కింద మూడు చుక్కలు. ఆ ఇంటి వలలకు కట్టే బెండ్ల మీద కాల్చి వేసే గుర్తు అది. వల తెగి ఎక్కడికి కొట్టుకుపోయినా, నీళ్ళ మీద తేలే ఆ కర్రబెండు చూసి ఇది ఫలానా వాళ్ళదని తెచ్చి ఇచ్చేవారు. వీరవేణి ఆ గుర్తునే ఇంట్లో మగవాళ్ళ చేతుల మీదికి ఎక్కించింది. పోతురాజుకి మీసాలు రాకముందే పొడిపించింది. పోయినేడు మనవడు రంగూన్ బయల్దేరినప్పుడు, పచ్చబొట్లు పొడిచే పాపాయిని పిలిపించి అతనికీ పొడిపించింది. తొడ మీదో, భుజం మీదో అయితే చొక్కా కింద ఉంటుందని అప్పుడే బతిమాలాడు వెంకటరాజు.

“పరాయి ఊళ్ళో ఏమన్నా అయితే గుడ్డ కప్పేత్తారురా. బయటికి కనపడేది కాళ్ళూ చేతులే,” అంది ఆమె. ఆ మాటకి లోవమ్మ చెవులు మూసుకుంది.

ఇప్పుడు వీరవేణి అరుగు దిగి వచ్చి మనవడి చెయ్యి పట్టుకుంది. అతను లాక్కోలేదు. ఎప్పటికైనా ఇది జరిగేదేనన్నట్టు నిలబడ్డాడు. ఆమె కట్టు విప్పింది.

గుర్తు లేదు. బొటనవేలి కింద నుంచి మణికట్టు దాకా చర్మం ముడతలు పడి, ఎర్రగా, నున్నగా మెరుస్తోంది.

“ఇది నీళ్ళు పడ్డ చెయ్యి కాదు,” అంది మెల్లగా.

“కాదు మామ్మా. సున్నమూ చాకలి సోడా కలిపి కట్టాను.”

లోవమ్మ చేతిలోని చొక్కా జారిపోయింది. “అయ్యో నా తండ్రీ! ఎందుకురా?”

వీరవేణి ఏడవలేదు. వీధిలోకి చూస్తూ, “కోడలా, పాపాయి సంత దగ్గర దిగింది. నేను పిలిచానని చెప్పు. సూదులు తెమ్మను,” అంది.

అప్పుడే చావిట్లోంచి వచ్చిన పోతురాజు సంగతి అర్థం చేసుకుని, పెట్టె పక్కన చతికిలబడ్డాడు.

“అమ్మా, సాయంత్రం ప్రయాణం పెట్టుకుని ఇప్పుడు సూదులేంటి? చెయ్యి వాచిపోతుంది.”

“వాపు తగ్గుతుంది. గుర్తు లేకుండా మాత్రం వీడు నీళ్ళ మీదికి పోడు. ఈ ఏడు అసలు పోడు. ఏ ఏడో తెలుసా నీకు?”

పోతురాజు తల దించుకున్నాడు. తెలుసు. వికారి నామ సంవత్సరం. పేర్లన్నీ ఒక చుట్టు తిరిగి, అరవై ఏళ్ళకి మళ్ళీ వచ్చింది. ఉగాదినాడు పంచాంగం చదువుతుంటే ఆ పేరు విని వీరవేణి లేచి లోపలికి పోయింది. వెనకటి వికారిలో, ఇదే కార్తీకంలో, కోరంగిని ఉప్పెన ముంచింది. అప్పటికి పోతురాజు నెలల పిల్లాడు.

“నన్నొక మాట చెప్పనివ్వండి నాన్నా,” అన్నాడు వెంకటరాజు. గొంతు పెంచలేదు. “మామ్మా, రంగూన్‌లో మనవాళ్ళు వేలమంది ఉన్నారు. ఇక్కణ్ణుంచి మేస్త్రీలు పోగేసి తీసుకెళ్ళిన కూలీలు. ధాన్యం బస్తాలు మోస్తారు, రిక్షాలు లాగుతారు. కాలేజీలో నేను చెయ్యి చాపగానే ఒకడు, ‘ఏ మేస్త్రీ తాలూకు కూలీవి? ముద్రేశాడే’ అన్నాడు. అది మా వల గుర్తని చెప్పాను. ఇంకా నవ్వారు. అక్కడి బర్మా కుర్రాళ్ళకి నడుము నుంచి మోకాలి దాకా పచ్చబొట్లే. అది మగతనమట. నాది చూసి, చేతి మీద ఆడవాళ్ళ ముగ్గేంటని వాళ్ళూ నవ్వారు.”

“నవ్వితే నవ్వనీ. నవ్వుకి ఒళ్ళు కాల్చుకుంటారా?”

“నవ్వుకి కాదు. పెద్దదొర కాలేజీ చూడ్డానికి వచ్చిన రోజున కొలతల యంత్రం నేనే చూపించాలి. తరగతిలో అది బాగా తెలిసినవాణ్ణి నేనేనని మాకు పాఠం చెప్పే దొర నెలరోజుల ముందే చెప్పాడు. తీరా ఆ పొద్దున నా చెయ్యి చూసి, ‘నువ్వు వెనక వరసలో నిలబడు, చేతులు వెనక్కి పెట్టుకో’ అన్నాడు. నా బదులు ఇంకొకడు చూపించాడు. తప్పు చూపించాడు. నేను చేతులు వెనక్కి పెట్టుకుని చూస్తూ నిలబడ్డాను మామ్మా.”

పెట్టెలోంచి ఎండురొయ్యల వాసన వస్తోంది.

“బెండు నీళ్ళలో తేలుతుంది కాబట్టి దానికి గుర్తు కావాలి. నేను మనిషిని. నా పేరు నేను చెప్పుకోగలను,” అన్నాడు.

“చెప్పుకోలేని రోజు కోసంరా అది!”

వీరవేణి గట్టిగా అరిచింది. ఆమె అరవగా ఆ ఇంట్లో ఎవరూ వినలేదు. అరిచాక పెట్టె అంచు పట్టుకుని కూలబడింది. కాసేపటికి తనంతట తనే చెప్పడం మొదలుపెట్టింది. ఎన్నడూ చెప్పని సంగతి అది.

“నీళ్ళు తీశాక ఒడ్డంతా మనుషులు. బట్టల్లేవు, మొహాల్లేవు. ఆడవాళ్ళని చేతుల మీద పచ్చలు చూసి చెప్పేశాం. ఈవిడ పోలమ్మ కూతురు, ఈవిడ రేవు వీధి పిల్ల అని. ఏడ్చేవాళ్ళు ఏడ్చారు, పసుపూ కుంకుమా పెట్టి సాగనంపారు. మగాళ్ళకి ఏ గుర్తూ లేదు. చంకలో మీ నాన్నని పెట్టుకుని, మీ తాత కోసం ఒక్కొక్క చెయ్యీ తిప్పి తిప్పి చూశాను. అన్ని చేతులూ ఒక్కలాగే ఉన్నాయిరా. వల లాగిన చేతులు. చివరికి అందర్నీ ఒకే గోతిలో పెట్టారు. ఆయన వాళ్ళలో ఉన్నాడో లేడో నాకు తెలీదు.”

లోవమ్మతో వచ్చిన పాపాయి అప్పటికి గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె కూడా ముసలిదే. చంకలో సూదుల మూట, ఆకుపసరుతో కలిపిన మసి ఉన్న చిప్ప. ఎప్పుడూ వస్తూనే ఏదో ఒక వేళాకోళం ఆడే మనిషి, ఈసారి చప్పుడు చెయ్యకుండా కూర్చుంది.

వెంకటరాజు వచ్చి ఆమె ముందు బాసింపట్టు వేసుకున్నాడు. చొక్కా చెయ్యి పైకి మడిచి ఎడమచెయ్యి చాపాడు.

“పొడువు అత్తా. దీని మీద పొడువు.”

“ఒరేయ్!” అన్నాడు పోతురాజు.

“పరవాలేదు నాన్నా. మామ్మ నిద్రపోవాలి కదా.”

పాపాయి ఆ ఎడమచెయ్యి ముట్టుకోలేదు. కుడిచెయ్యి తీసుకుని వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసింది. “ఇదెన్నాళ్ళు పట్టింది మానడానికి?” అని అడిగింది.

“రెండు నెలలు.”

“జొరం వచ్చిందా?”

“వచ్చింది.”

“ఎవరు చూశారు?”

“ఎవరూ లేరు. మామయ్య ఊళ్ళో లేడు. గదిలోవాళ్ళకి చెప్పడం సిగ్గేసింది.”

వీరవేణి తలెత్తింది. ఆ రెండు నెలల్లోనూ క్షేమంగా ఉన్నానని రంగూన్ నుంచి కార్డులు వచ్చాయి. పోతురాజు చదివి వినిపిస్తే, చేతి మీద గుర్తుంది, ఇంక వాడికేం భయం లేదని తను హాయిగా పడుకుంది. మనవడు పరాయి గదిలో జ్వరంతో, కాలిన చెయ్యి పట్టుకుని ఒంటరిగా మూలుగుతున్న రాత్రులవి. ఏ సముద్రమూ వాణ్ణి అంత బాధ పెట్టలేదు. పెట్టింది తన భయం.

“మామ్మా, నేను తిరిగి వస్తాను,” అన్నాడు వెంకటరాజు. “పోయినేడు వెళ్ళాను, వచ్చాను. నాన్న ఎన్నిసార్లు వేటకెళ్ళినా వచ్చాడు. నువ్వు వచ్చినవాళ్ళ చేతులే తడుముతావు. రానివాడి పేరు మాత్రం ఈ ఇంట్లో నేనెప్పుడూ వినలేదు.”

వీరవేణి జరిగి వచ్చి ఆ కుడిచెయ్యి తన ఒళ్ళో పెట్టుకుంది. బొటనవేలితో మచ్చ మీద మెల్లగా రాసింది. గీత ఉన్నచోట ముడత, చుక్కలున్న చోట చిన్న గుంటలు. కళ్ళు మూసుకుని మళ్ళీ ఒకసారి రాసింది. అప్పుడు వచ్చాయి కన్నీళ్ళు. ముసలిమొహం ముడతల్లోంచి చప్పుడు లేకుండా జారి ఆ మచ్చ మీద పడ్డాయి.

“పాపాయ్, సూదులు కట్టెయ్యవే,” అంది. “ఈ చెయ్యి నేను చీకట్లో తడిమినా పోల్చేత్తాను. ఇంకేం గుర్తక్కర్లేదు.”

“మరి నా కూలి?” అంది పాపాయి కళ్ళు తుడుచుకుంటూ.

“ఎండురొయ్యల పొట్లం పట్టుకుపో,” అన్నాడు వెంకటరాజు వెంటనే.

లోవమ్మ ఏడుస్తూనే నవ్వింది. నవ్వుతూనే పొట్లాన్ని పెట్టెలోనే ఉంచి మూత వేసేసింది.

సాయంత్రం కాలవ గట్టు దాకా అందరూ వచ్చారు. ఎప్పుడూ బయల్దేరేవాళ్ళ చేతులు రెండూ పట్టుకుని, పడవవాడు విసుక్కునేదాకా వదలని వీరవేణి, ఆ రోజు మనవడి తల మీద చెయ్యి వేసి, “ఆకలేస్తే తిను. జొరమొస్తే ఎవరికైనా చెప్పు. సిగ్గుపడకు,” అని మాత్రం అంది. పడవ మలుపు తిరిగాక పోతురాజు చెయ్యి పట్టుకుని వెనక్కి నడిచింది. దారిలో, “బాబూ, మీ నాన్నకి ఎప్పుడూ ఒక్క పిండమన్నా పెట్టలేదురా మనం,” అంది. పోతురాజు నిలబడిపోయాడు. పెళ్ళయిన దగ్గర్నుంచి తను అడగాలనుకుని అడగలేకపోయిన మాట అది.

పున్నమి వెళ్ళాక రంగూన్ నుంచి కార్డు వచ్చింది. సముద్రం నిమ్మళంగా ఉందనీ, క్షేమంగా చేరాననీ, చొక్కా చేతులు మడుచుకునే తరగతికి వెళ్తున్నాననీ, రొయ్యలకి ఈసారి గదిలో ఇద్దరు మాత్రమే బయటికి పోయారనీ రాశాడు వెంకటరాజు.

ఆ తర్వాత కొద్దిరోజులకే, కార్తీక బహుళ పంచమినాడు, ద్రాక్షారామం నుంచి పంతులుగారు వచ్చారు. తెల్లవారుతూనే వీరవేణి గాజులు తనే తీసి గూట్లో పెట్టింది. తియ్యమని ఆమెకి ఎవరూ చెప్పలేదు. కుంకుమ కడిగేసుకుంది. పచ్చబొట్టు మాత్రం పోయేది కాదు గనక అలాగే ఉంది.

గోదావరి పాయ ఒడ్డున దర్భలు పరిచి, పంతులుగారు పోతురాజు వైపు చూశారు.

“కర్మ ఎవరికి బాబూ? పేరు, పోయిన రోజు చెప్పాలి.”

పోతురాజు నోరు తెరిచాడు. ఆ ఊళ్ళో ఏ ఆడదీ మొగుడి పేరు పైకి పలకదు. వీరవేణీ తన జన్మలో పలకలేదు. కానీ కొడుకు భుజం మీద చెయ్యి వేసి ఆపింది.

“సత్తియ్యండి,” అంది. “వెనకటి వికారిలో, కార్తీక బహుళ పంచమినాడు వేటకెళ్ళాడండి. తిరిగి రాలేదండి.”