కోరుట్లలో కుక్కర్ బాంబు

"పసుపు ఉడికిందా?" ఫోన్‌లో బాస్ గొంతు.

"ఉడికింది. ఎండబెట్టాలి." కోడ్‌వర్డ్ చెప్పాడు ఏజెంట్ జైపాల్.

"విను. విదేశీ ముఠా ఇవాళ కోరుట్ల వంటావార్పులో బాంబు పేలుస్తుందని సమాచారం. ఎవరూ లేకుండా వదిలేసిన సామాను కనిపిస్తే షూట్ చేసి పంపు. మన ఏజెంట్ 'జరీ' అక్కడే ఉంది. నీ ఫీడ్ నాకూ తనకూ తప్ప ఎవరికీ అందదు. ఓవర్."

సకల జనుల సమ్మె రోజులవి. బస్సులు డిపో దాటడం లేదు. తెలంగాణ కావాలంటూ ఊరు ఊరంతా రోడ్డు మీదికొచ్చి, అక్కడే పొయ్యిలు పెట్టి వండుకు తింటోంది. జైపాల్‌ది పెళ్లిళ్ల వీడియోగ్రాఫర్ వేషం. దాన్ని అనుమానించేవాడు జగిత్యాల నుంచి సిరిసిల్ల దాకా లేడు. ధర్నా ఎక్కడ జరిగినా పోలీసులు వీడియో తీయించేది పెళ్లిళ్ల కెమెరావాళ్లతోనే మరి! ఈ కెమెరాలో శాటిలైట్ ట్రాన్స్‌మిటర్ ఉంది, అంతే తేడా. ఇన్నేళ్ల సర్వీసులో ముఖాలు తీసీ తీసీ జైపాల్‌కు ముఖాలను చూస్తే ఏమీ అనిపించకుండా పోయింది. జాలి లేదు, భయం లేదు. ఫోకస్ కుదిరితే చాలు.

టెంట్ కింద ఒకతను కుక్కర్ దించాడు. అటూ ఇటూ చూసి గబగబా వెళ్లిపోయాడు. జైపాల్ జూమ్ చేసి, ముఖం పట్టి, పంపేశాడు. ఆ పూట ఆ రోడ్డు మీద కుక్కర్లకు కొదవ లేదన్న ఆలోచనే అతనికి రాలేదు. డ్యూటీ అయిందనుకుని పక్కనే ఉన్న సారయ్య హోటల్లో టీ చెప్పాడు.

టీ సగంలో ఉండగా హోటల్ టీవీ గగ్గోలు పెట్టింది.

"బ్రేకింగ్ న్యూస్! కోరుట్లలో కుక్కర్ బాంబు! అనుమానితుడు ఇతడే!"

ముఖం చుట్టూ ఎర్ర సున్నా. అది తను పంపిన క్లిప్పే.

"గీయన మన టైలర్ అమీనుద్దీన్ గాదె!" సారయ్య నోరెళ్లబెట్టాడు. "నా అంగీ గీయననే కుట్టిండు!"

కింద స్క్రోలింగ్ పరుగెడుతోంది: 'ప్రజలు వెంటనే బస్టాండ్‌లోకి వెళ్లాలని పోలీసుల సూచన.'

పోలీసులు ఆ మాటే అనలేదు. ఫీడ్ అందేది ఇద్దరికే. బాస్ ఇవ్వడు. ఇక మిగిలింది జరీ, అంటే ఆ చానల్ రిపోర్టర్‌గా చలామణి అవుతున్న రాధిక. నల్ల కళ్లద్దాలు, సిల్కు చున్నీ, ఠాణా ఠాణాలో కానిస్టేబుళ్లు తల తిప్పి చూసే అందం. డబుల్ ఏజెంట్!

అంటే బాంబు టెంట్ కింద లేదు. జనాన్ని ఎక్కడికి తోలుతున్నారో అక్కడే ఉంది. జైపాల్ బస్టాండ్ వైపు చూశాడు. ఒక్క బస్సూ లేదు. సిరిసిల్ల చీరల మూటలతో ఒక ట్రాలీ ఆటో మాత్రం ఉంది. అద్దం మీద 'ప్రెస్' స్టిక్కర్. బంద్ నాడు వదిలేది ప్రెస్ బండ్లనే కాబట్టి దాన్ని ఎవరూ ఆపలేదు. ప్రెస్‌వాళ్లకు చీరల మూటలెందుకని ఎవరూ అడగలేదు.

ఆటో సంగతి బాస్‌కు ఒక్క ముక్కలో చెప్పి బయటికి ఉరికాడు.

అప్పటికే దాల్చా బకెట్‌తో తిరిగొస్తున్న అమీనుద్దీన్‌ను జనం పట్టేశారు. పెదవి పగిలింది. భార్య కుల్సుమ్ బీ అడ్డం పడుతోంది.

"బగారన్నం భాయ్ గది! అండ్లకు పప్పు దాల్చ తెద్దామని ఇంటికి పోయిన. అల్లా కసమ్!"

"టీవీల అబద్ధం చెప్తరా?" ఎవడో కర్ర ఎత్తాడు.

తను నొక్కిన బటన్ వల్ల ఒక మనిషి చావబోతున్నాడు. ఆ సంగతి తెలిసింది కానీ, జైపాల్ లోపల ఏదీ కదల్లేదు. కదలనందుకు మాత్రం సిగ్గేసింది. నేరుగా కుక్కర్ దగ్గరికి నడిచి విజిల్ ఎత్తాడు.

బుస్సుమంది ఆవిరి. జనమంతా బోర్లా పడ్డారు. కర్ర ఎత్తినవాడు అందరికంటే ముందు పడ్డాడు.

జైపాల్ మూత తీసి, అక్కడే చతికిలబడి పిడికెడు అన్నం నోట్లో పెట్టుకున్నాడు. నాలుక కాలింది. రుచి తెలియలేదు.

వంటలు చూసుకుంటున్న గంగవ్వ లేచి కొంగు దులుపుకుంది. "లెవ్వుండ్రి! గాయన బగారన్నం తెస్తనంటే నేనే తెమ్మన్న. బాంబంట, బాంబు! గా టీవీవోళ్లు నన్నడిగిండ్రా? బస్టాండుకు ఉరికినోళ్లను గూడ పిలువుండ్రి, సల్లారుతది!"

బస్టాండ్ దారి పట్టిన జనం వెనక్కి మళ్లారు. టెంట్ పక్కనే నిలబడి లైవ్ ఇస్తున్న రాధిక మాట ఆగిపోయింది. బస్టాండ్‌లో ఇంకా కొందరున్నారు. ఆమె బొటనవేలు మైకు అడుగున ఉన్న రిమోట్ స్విచ్ మీదికి జారింది. ఒక్క గెంతులో జైపాల్ ఆమె మణికట్టు మెలిపెట్టాడు. మైకు కింద పడింది.

"డ్యూటీలో ఎప్పుడూ తినవు కదా," అంది రాధిక నవ్వుతూ.

"ఆకలైంది."

చీరల మూటల కింది నుంచి బాంబ్ స్క్వాడ్ అసలు సరుకు తీసింది.

సాయంత్రం అమీనుద్దీన్ దుకాణంలో టీవీ అరుస్తోంది: "మా చానల్ ఎఫెక్ట్! తప్పిన పెను ముప్పు! టైలర్ నిర్దోషి అని మొదట చెప్పింది మేమే!" క్లిప్ అదే. ఎర్ర సున్నా అదే.

"గిది చూసినంక నా దుకాణానికి ఎవరస్తరు సార్?" పెదవికి పట్టీతో అడిగాడు అమీనుద్దీన్.

"నేనొచ్చిన గదా. ఒక అంగీ కుట్టు."

అమీనుద్దీన్ టేపు అందుకున్నాడు. డిపార్ట్‌మెంట్ రూల్స్ ప్రకారం ఏజెంట్ ఒంటి కొలతలు టాప్ సీక్రెట్. జైపాల్ రెండు చేతులూ పైకెత్తి లొంగిపోయాడు.