అద్దాల కిటికీకి అంటించిన పేపర్లు

“నా కిటికీకి ఈ పేపర్లు అంటించిన పెద్దమనిషి ఎవరు?”

ఆ అరుపుకి మంచం మీంచి దిగ్గున లేచాను. నైట్ షిఫ్ట్ దిగి వచ్చి, పడుకుని గంట కూడా కాలేదు. చూస్తే పెరటి గుమ్మంలో శ్రావణి, మా ఇంటి ఇంజినీరు. చేతిలో ఫోన్, ముక్కు మీద కోపం.

“నేనే మేడం.”

“ఏందండీ భానూ, గిట్ల చేసిన్రు! నేను సొంతంగా డిజైన్ చేసిన ఫస్ట్ పని ఇది. ఇయ్యాల ఫోటోలు పంపకపోతే మా సార్ ఇంకో ఇల్లు నా చేతికియ్యడు.”

పాల్వంచలో మా పాత ఇంటి వెనక ఆమె కట్టించిన గది ఇది. జామచెట్టు వైపు గోడంతా అద్దమే. తలుపు తీసి రెండు మెట్లు దిగితే అమ్మ పెంచే బంతిమొక్కలు. ఎంత ముచ్చటగా ఉంటుందో! కాకపోతే పొద్దున్నే ఎండ సూటిగా నా కళ్లలో పడుతుంది.

“తూర్పు ఎటని అడిగిన్రు గని, ఎవరు ఎప్పుడు పండుకుంటరని అడగలే,” అన్నాను.

ఆమె మొహం చిన్నబోయింది. “అయ్యో! మా నాయన గూడ ఇల్లందు బొగ్గుబాయిల నైట్ షిఫ్టే చేసిండు. మా అమ్మ కిటికీకి దుప్పటి కట్టేది. నాకెట్ల యాదికి రాలే? మీరన్న చెప్పొద్దా?”

“చెప్తే మీరు బాధపడతరని...”

ఇద్దరం తడిగుడ్డలతో పేపర్లు ఊడబెరికాం. గదంతా వెలుగు నిండింది. మంచాన్ని పాత ఇంట్లో చీకటిగా ఉండే నడిమి గదిలోకి మార్పించి, ఇక్కడ అందరూ కూర్చోవాలంది. చకచకా ఫోటోలు తీసి బ్యాగు భుజానికి తగిలించుకుంది.

“ఇగ నాకు ఈడ పని లేదు.”

ఆర్నెల్లుగా మింగుతున్న మాట ఇప్పుడు చెప్పకపోతే ఈ మనిషి మళ్లీ మా గుమ్మం తొక్కదు.

“పని లేకున్నా రాండ్రి. మీరంటే నాకు శానా ఇష్టం.”

బంతిమొక్కల మధ్య పూలు కోస్తున్న అమ్మ చప్పట్లు కొట్టింది. “అబ్బ, చెప్పిండు!”

సిగ్గుతో చచ్చిపోయాను. శ్రావణి మాత్రం పకపకా నవ్వింది.

“ఈసారి అడిగే వస్త. మీరు ఎన్నింటికి లేస్తరు? అమ్మానాయనల తోలుకొస్త.”

నేను నోరు తెరిచేలోపే అమ్మ అందుకుంది.

“వీనికి ఇగ నిద్రెక్కడిది బిడ్డా, ఎప్పుడన్న రాండ్రి!”