జమ్మలమడుగులో మాయమైన అలల పలక

బుధవారం ఉదయం ఆ అమ్మాయి దాదాపు పరుగెత్తుకుంటూ మెట్లెక్కి వచ్చింది. ప్రొద్దుటూరులో బట్టల దుకాణం పైన ఉన్న ప్రసూన ఆఫీసుకు తప్పిపోయిన మనుషుల కోసం వచ్చేవాళ్లే ఎక్కువ. ఈ అమ్మాయి ఒక పలక కోసం వచ్చింది.

"సర్ఫ్‌బోర్డు మేడం. ఎనిమిదడుగులది. నిన్న తెల్లారి చూస్తే చేసినాయన షెడ్డులో లేదు."

ఆమె పేరు ఐశ్వర్య, ఊరు జమ్మలమడుగు. విశాఖపట్నంలో చదువుకుంటూ, పలక మీద నిలబడి అలలపై జారే ఆట నేర్చుకుంది. ఈ ఆదివారమే అక్కడ పోటీ.

ప్రసూన పదిహేనేళ్లు బీమా నష్టాలు తనిఖీ చేసి, తర్వాత సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకుంది. ఆమె సహాయకుడు చిన్నసుబ్బయ్య రిటైరైన ఆర్టీసీ కండక్టరు. ప్రసూన ఒక్క ప్రశ్న వేస్తే చాలు, కేసు తేలిపోయినట్టే ఆయన మొహం వెలిగిపోతుంది.

"మన పక్క సముద్రం పలకలు చేసేదెవరు పాపా?" అన్నాడాయన.

"మహబూబ్ బాషా మామ. తలుపులు, కిటికీలు చేస్తాడు. బొమ్మ నేను గీసిచ్చినా. మలబారు వేప చెక్క, లోపల బోలుగా ఉంటాది. మూడు నెలలు కూర్చుని చేసినాడు."

"పోలీసులకు చెప్పినారా?" అని అడిగింది ప్రసూన.

"మామ వద్దంటాండాడు. నాకూ భయమే మేడం. మా నాయనకు ఈ ఆటంటే గిట్టదు. సోమవారం సాయంత్రం ఆయన షెడ్డుకు పోయినాడంట. ఒకవేళ నాయనే..."

గంటన్నరలో ముగ్గురూ జమ్మలమడుగులో బాషా షెడ్డు ముందున్నారు. తలుపు గడియను చెక్క నుంచి ఊడదీశారు. తాళం మాత్రం వేసినట్టే వేలాడుతోంది. గడియకున్న నాలుగు మరలూ కిటికీ గట్టు మీద వరసగా పేర్చి ఉన్నాయి. పలక తోక కింద బిగించే చెక్క రెక్క ఒక మూల గుడ్డలో చుట్టి భద్రంగా ఉంది.

గోడ మీద సుద్దముక్కతో తేదీలు, అంకెలు రాసి ఉన్నాయి. అన్నీ రెండడుగులు, ఏడు సెకన్లు. సోమవారం దగ్గర మాత్రం ఆరడుగులు, పద్నాలుగు సెకన్లు.

"ఇవేంది?" అంది ప్రసూన.

"ఆడ విశాఖపట్నంలో అల ఎంత ఎత్తుంది, అలకూ అలకూ నడుమ ఎన్ని సెకన్లు అని," అన్నాడు బాషా. అరవైకి దగ్గరపడిన మనిషి, కళ్లు వాచి ఉన్నాయి. "సెకన్లు పెరిగితే అలకు బలం పెరుగుతాదంట. పాప రోజూ ఫోన్‌లో చెప్తాంటే రాసుకుంటా."

"చిన్న అలల కోసమని పలక బల్లపరుపుగా గీసినా," అంది ఐశ్వర్య. "సోమవారం సాయంత్రమేమో, యాడో దూరంగా తుఫాను లేచింది, ఆదివారానికి పెద్ద అలలు వస్తాయని తెలిసింది. సంబరంగా మామకు చెప్పినా."

"నిన్న పొద్దున మీరు యాడున్నారు?"

"ఇంట్లోనే మేడం," అన్నాడు బాషా.

టీ తెచ్చిన ఆయన భార్య షాహీదాబీ ఒక్కసారి భర్త వైపు చూసి, గ్లాసులు పెట్టి వెళ్లిపోయింది. గడప దగ్గర బాషా చెప్పులకు బూడిదరంగు ఒండ్రు ఎండి అట్టకట్టింది. వీధిలో చూస్తే అంతా దుమ్మే. ప్రసూన ఆ చెప్పులు చూస్తూ టీ తాగింది.

ఐశ్వర్య తండ్రి ఆదినారాయణ రైతు. ఇంటి అరుగు మీదే దొరికాడు.

"సోమవారం షెడ్డుకు పోయినారంట?"

"పోయినా. దారం పట్టి పలకను కొలిచినా."

"ఎందుకు?"

ఆయన కూతురి వైపు చూసి, లోపలికి వెళ్లి పాత బొంతతో కుట్టించిన పొడుగాటి సంచి తెచ్చాడు. "బస్సు మీద ఏస్తే గీతలు పడతాయి కదా. వద్దన్నా ఇది ఇనదు. పోయేదేదో భద్రంగా పోనీ అని..."

ఐశ్వర్య ఆ సంచిని గుండెలకు హత్తుకుని నిలబడిపోయింది.

సాయంత్రం ప్రసూన అందరినీ షెడ్డుకు పిలిపించింది.

"దొంగ గడియను పగలగొడతాడు. మరలు విప్పినా యాడో పారేస్తాడు. వరసగా పేర్చేది చెక్క పని చేసే చెయ్యి. పైగా రెక్క లేకుంటే ఆ పలక నీళ్లలో మాట వినదు. దాన్ని వదిలిపెట్టినాడంటే ఆ మనిషికి పలకతో ఆడేదీ లేదు, అమ్మేదీ లేదు. అది ఆదివారం సముద్రంలోకి పోకుంటే చాలు." ఆమె గొంతు తగ్గించింది. "మీరు పోలీసులకు చెప్పొద్దన్నారు. ఎవరు ఎత్తుకుపోయినారని నన్ను ఒక్కసారి కూడా అడగలేదు. మీ చెప్పులకు అంటిన ఒండ్రు ఊరి పక్క మైలవరం డ్యామ్‌ది. అవునా, బాషా భాయ్?"

బాషా పీట మీద కూలబడ్డాడు.

"ఆరడుగులని పాప చెప్పినప్పటి నుంచి నిద్ర లేదు మేడం. మంగళవారం తెల్లారకముందే ఆటోలో ఏసుకుని డ్యామ్‌కు పోయినా. ఆడ గాలికి లేచేవి పిల్ల అలలు. రెక్క బిగించకుండానే మీద పండుకుని చూస్తే, వాటికే ముక్కు నీళ్లలో దిగబడింది. పైకి వంపు చాలలేదు. పెద్ద అల మీద ముక్కు దిగితే పాప కింద పడతాది, పలక ఎగిరొచ్చి తలకే తగుల్తాది. మా అటక మీద దాచి, దొంగలు పడినారనుకోవాలని గడియ ఊడదీసినా."

"నాతో చెప్పొచ్చు కదా మామా!"

"ఊరంతా వచ్చి చూసి మెచ్చుకునిరి. ఇది పనికిరాదని ఏ నోటితో చెప్పేది? చెప్పినా నువ్వు ఏం కాదులే మామా అని ఎత్తుకుపోతావు. సముద్రమెట్ల ఉంటాదో నేను చూడనే లేదు పాపా. నాకు అదంతా ఈ గోడ మీది అంకెలే."

ఐశ్వర్యకు కోపం వచ్చింది, ఆ వెంటనే కళ్లు నిండాయి. ఆయన పక్కనే నేల మీద కూర్చుంది. "బొమ్మ గీసింది నేను. చిన్న అలలకని గీసి, పెద్ద అలలకు తీసుకుపోవాలనుకున్నా. పోటీకి స్నేహితురాలి పలక అడుక్కుంటా. అలలు తగ్గినాక మన పలక మీద ఎక్కుతా."

"బాషా, నువ్వూ పాపతో బస్సెక్కు," అన్నాడు ఆదినారాయణ. "కంటితో చూసి వస్తే ఇంకోటి బాగా చేస్తావు."

"నేను కూడా పోతా," అంది తలుపు దగ్గర నుంచి షాహీదాబీ.

పోటీలో ఐశ్వర్య రెండో రౌండులోనే ఓడిపోయింది. ఆ తర్వాత మూడో రోజు ఉదయం ప్రసూనకు ఫోన్ వచ్చింది. అలల హోరులో బాషా అరుస్తున్నాడు.

"నిలబడింది మేడం! మన పలక మీద పాప నిలబడింది! ఒడ్డు దాకా వచ్చె!"

చిన్నసుబ్బయ్య ఫోన్ లాక్కున్నాడు. "సముద్రం ఎట్లుంది బాషా?"

అటు నుంచి నీళ్లలోకి దిగుతున్న చప్పుడు వినిపించింది.

"తడిగా ఉందప్పా," అన్నాడు బాషా ఏడుస్తూ, నవ్వుతూ.