బొగ్దానోవ్ మొహం పెట్టుకున్నవాడు

“మధ్యాహ్నం ఓడ ఎక్కేదాకా రడోస్తీనా ప్రాణానికి నువ్వే పూచీ” అని పొద్దున్నే చీఫ్ బొగ్దానోవ్ బల్గేరియా రాజధాని సోఫియా నుంచి ఏజెంట్ కలొయాన్‌కి పని అప్పజెప్పాడు.

రడోస్తీనా డబుల్ ఏజెంట్. జనం పేర్లూ పాస్‌వర్డులూ కాజేసే విదేశీ ముఠాలో చేరి, వాళ్ళ గుట్టంతా లాగింది. ఇప్పుడు ముఠా ఆమెను వెతుకుతోంది. రేవు పట్టణం వార్నాలో ఆమె ఏ ఇంట్లో దాక్కుందో కలొయాన్‌కి ఒక్కడికే తెలుసు.

పదకొండింటికి వీడియో కాల్. చీఫ్ ఖాతా, చీఫ్ మొహం, చీఫ్ గొంతు.

“కోడ్ వర్డ్?” అన్నాడు కలొయాన్.

“ఎండు మిరప. ఆమె అడ్రస్ పంపు.”

కోడ్ సరిపోయింది. కలొయాన్ అడ్రస్ టైపు చేసి, బటన్ మీద వేలు పెట్టాడు. “పంపనా సార్?”

చీఫ్ తల పైకీ కిందికీ ఊపాడు.

కలొయాన్ విసుక్కుంటూ అంతా చెరిపేశాడు. “వద్దనుకుంటే అడగడం దేనికి సార్?”

“ఎవడు వద్దన్నాడు? పంపు!”

మళ్ళీ టైపు చేశాడు. “పంపేదా?”

మళ్ళీ అదే ఊపు. మళ్ళీ చెరిపాడు.

“నా ప్రాణం తియ్యకండి సార్! ఏదో ఒకటి తేల్చండి!”

“అవునయ్యా, అవును!” అని అరుస్తూ చీఫ్ తల ఇంకా గట్టిగా పైకీ కిందికీ ఊపాడు.

కలొయాన్ వేలు గాల్లో ఆగిపోయింది. బల్గేరియాలో పుట్టినవాడెవడూ అవునంటూ తల అలా ఊపడు. పైకీ కిందికీ అంటే కాదని. అవునంటే అడ్డంగా ఊపాలి. కంప్యూటర్‌తో తొడుక్కున్న మొహం, గొంతు చీఫ్‌వి. మెడ మాత్రం పరాయివాడిది.

“పంపుతున్నా సార్” అని రేవు పోలీసుల బ్యారక్ వెనక గుమ్మం అడ్రస్ పంపాడు. కాసేపటికి రంగులేసే పనివాళ్ళ వేషంలో వచ్చిన ముగ్గురు, డబ్బాల్లో తుపాకులతో సహా దొరికిపోయారు.

కలొయాన్ అసలు చీఫ్‌కి ఫోన్ చేశాడు. “మీ పాస్‌వర్డ్ ఎవరికిచ్చారు సార్?”

“ఎవరికీ ఇవ్వలేదయ్యా! ఖాతా మూసేస్తామని నిన్న మెసేజ్ వచ్చింది. అందులో లింక్ నొక్కి పాస్‌వర్డ్ కొట్టానంతే.”

“ఇవ్వడమంటే అదే కదా సార్! కోడ్ కూడా మీ మెయిల్లోనే పెట్టుకున్నారా?”

“మర్చిపోతానని…”

ఓడ మెట్ల దగ్గర రడోస్తీనా నల్ల కళ్ళద్దాలు పైకి నెట్టింది. “నిజం చెప్పు. నా అడ్రస్ ఎన్నిసార్లు టైపు చేశావ్?”

“రెండుసార్లు.”

“అయితే నా థాంక్స్ నీకు కాదులే. వాడి మెడకి.”