గోడకు పెట్టిన ముద్ద

ఆ దీవిలో ఉదయాలు బాగుండేవి. సముద్రం లేత ఆకుపచ్చగా ఉండేది, గాలి చల్లగా వీచేది. మా కొరియా కూలీల పాకల నుంచి చూస్తే, జపాన్ నౌకాదళం యుద్ధం కోసం కట్టిస్తున్న రేవు ముచ్చటగానే కనిపించేది. దగ్గరికి వెళితేనే కంపు.

టార్పెడోలు దాచే గది మా ముఠా వంతు. కాంక్రీటుకు కంకర దొరక్క, దీవివాళ్ళు తమ సమాధుల మీద పేర్చుకున్న పగడపు రాళ్ళు మాచేత పగలగొట్టించారు. రాళ్ళతో పాటు పుర్రెలూ పళ్ళూ వచ్చేవి. మేస్త్రీ మొరివాకి ముక్కుకు గుడ్డ కట్టుకుని, "ఎముకైనా సున్నమే కదరా! ఏరుతూ కూర్చుంటే యుద్ధం అయిపోతుంది. వేసెయ్యండి!" అని అరిచేవాడు. వేశాం. ఆ గోడ ఎంతకీ ఆరలేదు. జిగట కారుతూ ఉండేది, ఈగలు ముసిరేవి.

మా ఊళ్ళో పొలంలో తినేముందు ఒక ముద్ద పక్కకు విసిరి "గోసురే!" అంటాం, దిక్కులేని ఆత్మలు అది తిని మన జోలికి రాకుండా. అలవాటు కొద్దీ ఆ గోడ మీదికి విసిరాను. మా ఊరి చున్‌సామ్ అన్న నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఇక్కడొద్దురా ఇల్గూ. మన ఊరివైతే ఒక్క ముద్దతో పోతాయి. వీళ్ళ ఆకలి ఎంతో నీకేం తెలుసు?"

"ఈ పురుగుల బార్లీ ఒకసారి తింటే మళ్ళీ రారులే అన్నా."

నవ్వాడు. మర్నాటికి గోడకంటిన ముద్ద లేదు. ఎలుకలేమో అనుకున్నాను. రోజూ విసురుతూనే ఉన్నాను.

తర్వాత అన్నకు జ్వరం వచ్చింది. లేవలేనివాళ్ళను పక్క దీవిలో ఆసుపత్రి ఉందని పడవెక్కించేవాళ్ళు. ఆ పడవ ఖాళీగా, మరీ త్వరగా తిరిగొచ్చేది. నేనుండగా అన్నను ఆ పడవ ఎక్కనివ్వకూడదనుకున్నాను. అడవిలోకి పారిపోయాడని అబద్ధమాడి, గోడ ఆరేదాకా ఎవరూ రాని ఆ గదిలోనే, చివరి మూలన పడుకోబెట్టాను.

మధ్యాహ్నం తిండివేళ లోపలికి జొరబడేవాణ్ణి. దీపం వెలిగిస్తే పట్టుబడతాం. చీకట్లో తడుముకుంటూ వెళ్ళి, గోడకు గోసురే అని, నా ముద్దలో సగం అన్న నోట్లో పెట్టేవాణ్ణి. వేళ్ళకు పెదవులు తగిలేవి. చల్లగా ఉండేవి. జ్వరం దిగిందని సంతోషించాను.

ఒకరోజు అలాగే పెడుతున్నాను. పళ్ళ మధ్య ఇసుక గరగరమంటోంది.

"మెల్లగా తిను అన్నా."

నా వెనక, అవతలి మూల నుంచి గుసగుస...

"ఒరేయ్ తమ్ముడూ... ఎవరికి పెడుతున్నావు?"

నా చేతి కింద నోరు నములుతూనే ఉంది.

"గొంతు రావట్లేదు నాకు... ఒక్క ముద్దయినా... నాకు పెట్టలేదు నువ్వు..."

చెయ్యి లాక్కోబోయాను. వదల్లేదు. పెదవుల చుట్టూ మొహం లేదు. గోడే ఉంది... తడి గోడ. చీమూ సున్నమూ కలిసిన వాసన. చర్మం ఊడేలా వేళ్ళు పీక్కుని, అన్నను వెతికి వీపున వేసుకుని బయటికి పరిగెత్తాను.

ఎండలో మొరివాకి ఎదురయ్యాడు. చూసి, ఉమ్మేసి, గుడ్డ ముక్కుకు బిగించుకున్నాడు.

"ఎన్నాళ్ళుగా దాచావురా ఈ శవాన్ని?"

"ఇప్పుడే మాట్లాడాడు దొరా!"

దించి చూశాను. అన్న కట్టెలా బిగుసుకుపోయి ఉన్నాడు. బుగ్గలు లోపలికి పీక్కుపోయాయి. నోట్లో పురుగులు తప్ప మెతుకు లేదు.

మొరివాకి కాలితో పొర్లించాడు. "కంకర తక్కువగా ఉందని ఏడుస్తున్నారుగా. వేసెయ్యండి."

వాడి మొహం మీద ఉమ్మలేకపోయాను. ముఠాలో ఎవరూ ఉమ్మలేదు. అన్ననూ ఆ కాంక్రీటులోనే వేశాం. ఎంత రోతమనుషులం!

యుద్ధం ముగిసి ఇల్లు చేరాను. పొలంలో తినేముందు ఇప్పటికీ గోసురే అంటాను. కానీ ముద్ద విసిరేలోపే వేళ్ళు తడుస్తాయి. ముద్ద మాయమవుతుంది. అప్పుడు నా వెనక నుంచి మెల్లగా...

"ఒరేయ్ తమ్ముడూ... ఎవరికి పెడుతున్నావు?"