ఎల్లారెడ్డిలో మెరవని క్రీము

1989 మే. హైదరాబాదులో డిపార్టుమెంటు చీఫ్ ఒక క్రీము ట్యూబును టేబుల్ మీద బాంబును పెట్టినంత జాగ్రత్తగా పెట్టాడు.

“విటమిన్ ఎ గురించి ఏం తెలుసు, ఏజెంట్ తారా?”

“నాలుగు మెట్లు సార్. రెటినైల్ పాల్మిటేట్ అన్నిటికన్నా సాధువు. రెటినాల్ కాస్త చురుకు, రెటినాల్డిహైడ్ ఇంకా చురుకు. ఈ మూడింటినీ చర్మమే మార్చుకుంటూ పోయి చివరికి రెటినోయిక్ యాసిడ్ చేసుకుంటుంది. అసలు పని చేసేది అదే. నేరుగా పూస్తే ముడతలు తగ్గుతాయి, చర్మం పొలుసులుగా లేస్తుంది. డాక్టరు చెప్పకుండా వాడకూడదు. కడుపుతో ఉన్నవాళ్లయితే అసలు ముట్టుకోకూడదు.”

“ఒక విదేశీ ముఠా ఆ నాలుగో మెట్టును పది రెట్ల మోతాదులో కలిపి, పైన మొదటి మెట్టు లేబుల్ అంటించి ఎల్లారెడ్డికి చేర్చిందని అనుమానం. బీడీలు చుట్టే ఆడవాళ్లకు ఉచితంగా పంచి, ఎవరి చర్మం ఏమవుతుందో రాసుకుని కంపెనీలకు అమ్ముతారట. అక్కడ మన మనిషి మజీదా ఉంది. కోడ్, ‘ఆకు నానిందా?’ జవాబు, ‘దారం రావాలి.’”

తార గాజులమ్మే మనిషి వేషంలో కామారెడ్డిలో బస్సు మారి ఎల్లారెడ్డిలో దిగింది. నల్ల కళ్లద్దాలు, సిల్కు దుపట్టాతో మజీదా సినిమా తారలా ఎదురొచ్చింది. జవాబు తడుముకోకుండా చెప్పింది. బీడీలు చుట్టే తునికాకు గోదాము వెనక గదిలోకి తీసుకెళ్లి, బయటి నుంచి గడియ పెట్టింది. కోడ్ సరిగ్గానే ఉంది, మనిషే అమ్ముడుపోయింది.

“డిపార్టుమెంటు జీతంతోని ఈ అద్దాలు గూడ రావు తారా,” అంది తలుపు అవతలి నుంచి. “నాలుగింటికి ఇక్కడ పంచుతం, రేపు కామారెడ్డిల. అయినంక ఇడిచిపెడ్త, ఖుదా కసం. అరిస్తే మాత్రం తలుపుకాడ పిస్తోలు పట్టుకొని మనిషున్నడు. గంతవరకు ఆ మూలకు పెట్టెల ఉన్న ట్యూబు తీసి పూసుకో, మొఖం మెరుస్తది.”

గదిలో ఆకు వాసన, ఉడుకు, ఇనుప ఊచల కిటికీ ఒకటి. తార ఊచలు పట్టి లాగింది. అవి నిజాం కాలంనాటివి, ఏజెంట్లను లెక్కచేసే రకం కాదు. జడలో దాచిన పెన్ను తీసింది. కనబడని సిరాతో రాసిన రాత చదివే ఊదా లైటు అది. పాల్మిటేట్ ఆ వెలుగులో ఆకుపచ్చగా మెరవాలి. ట్యూబు పిండి చూసింది. క్రీము మెరవలేదు. యాసిడే. వాచీలో మూడున్నర.

కిటికీ అవతల పక్కింటి వాకిలి, అది దాటితే బీడీ కార్ఖానా వరండా. వాకిట్లో యాభై ఏళ్ల సత్యమ్మ ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది.

“అక్కా,” తార గొంతు తగ్గించి పిలిచింది. “కార్ఖానాల క్రీము పంచుతరు. ఎవ్వరూ తీసుకోవద్దు. పైన రాసింది ఒకటి, లోపలున్నది ఇంకొకటి. అది రెటినోయిక్ యాసిడ్.”

సత్యమ్మ చేతులు ఆగలేదు. “గాజులమ్మేదానివి, గంత ఇంగ్లీషేంది బిడ్డా? వేళ్లు పగిలి మంట పుడుతున్నయ్. ఫారిన్ క్రీము ఉత్తగ ఇస్తమంటే వద్దంటమా? మా కోడలు నాగవ్వకు గూడ తెస్త. మూడో నెల దానికి.”

మూడో నెల! తారకు ఏడుపొచ్చినంత పనైంది. చదివిన కెమిస్ట్రీ అంతా ఊచల వెనక చిలక పలుకులైపోయింది.

అంతలో నాగవ్వ తలకు నూనె రాసుకుంటూ వచ్చి చాటలో చెయ్యి పెట్టబోయింది. “చెయ్యి తియ్యి!” సత్యమ్మ కసిరింది. “ఆకుకు జిడ్డంటితే బీడీలు తీసుకునేకాడ టేకేదారు కట్టకు కట్ట పారేస్తడు. పో, కార్ఖానాల లైను పట్టు.” నాగవ్వ కొంగుకు చేతులు తుడుచుకుంటూ వెళ్లిపోయింది.

తార ఊచలకు ముఖం ఆనించింది. “అక్కా, ఆ క్రీము జిడ్డు రెండు పొద్దులైనా పోదట. కామారెడ్డిల ఆ చేతులతోని చుట్టిన బీడీలన్ని పారేసిండ్రట.”

పచ్చి అబద్ధం. సత్యమ్మ చేతులు మొదటిసారి ఆగాయి.

“కట్టకు కట్టనా?”

“వెయ్యికి వెయ్యి.”

సత్యమ్మ చాట కింద పెట్టి పరుగెత్తింది. వరండాలో మజీదా అప్పటికే నవ్వుతూ పంచుతోంది. నాగవ్వ మూత తీసి, క్రీము వేలిమీదికి పిండబోతోంది. సత్యమ్మ ఆ ట్యూబు లాక్కుని నేలకేసి కొట్టింది. “ముట్టకుండ్రి! బీడీలు పారేస్తరు!”

ఆ మాట పాకినంత వేగంగా వైర్‌లెస్ ఏనాడూ పనిచేయలేదు. డెబ్బై మంది ఆడవాళ్లు డెబ్బై ట్యూబులూ వెనక్కి విసిరారు. “మా బీడీలకు నువ్వు జిమ్మేదారీ ఉంటవా?” అని మజీదాను చుట్టుముట్టారు. ఆమెను విడిపించడానికి తలుపు దగ్గరి పిస్తోలువాడు ఉరికాడు, వాడి పిస్తోలు ఆ తోపులాటలో ఎక్కడో పడిపోయింది. సత్యమ్మ వచ్చి గడియ తీసింది. పోలీసులతో తార చేరేసరికి మజీదా కళ్లద్దాలు విరిగి, తనను అరెస్టు చేయమని తానే బతిమాలుకుంటోంది. కామారెడ్డికి పోవలసిన జీపు పెట్టెలతో సహా దొరికింది.

సాయంత్రం తార సెలవు తీసుకోబోతే సత్యమ్మ గుమ్మంలో మూతి ముడుచుకుని కూర్చుంది. విన్నమాట నిజమేనని నమ్మి, క్రీము అంటిన చేతుల బీడీలు తీసుకోనని టేకేదారు అప్పటికప్పుడే రూలు పెట్టాడట. అందరి చేతులూ వాసన చూశాడట. ట్యూబు లాక్కున్నప్పుడు క్రీము అంటిన చెయ్యి కనుక సత్యమ్మవే రెండు కట్టలు పక్కన పడేశాడు.

“అక్కా, ఆ మాట అబద్ధం. ఆ క్రీము కడుపుల బిడ్డకు ముప్పు, నాగవ్వ కోసం నేనే పుట్టించిన,” అంది తార తలదించుకుని.

సత్యమ్మ పక్కన నిలబడ్డ కోడలి పొట్ట వైపు చూసింది, తార వైపు చూసింది.

“మంచిగనే పుట్టించినవ్. ఇగ టేకేదారింటికి పోయి, నువ్వు కన్నదాన్ని నువ్వే జోకొట్టు, పో.”