అలుపుతోడు

ఉలిగమ్మకు ఏదో సోకిందని పక్కింటి మారెక్క చెప్పిందట. నీళ్ళబండి దగ్గర బిందె పెట్టిన ప్రతి మనిషికీ ఆ మాట చేరింది. పట్టపగలు మంచం ఎక్కి, అబ్బా పిక్కలు, అమ్మా తొడలు అని మూలుగుతోందట. నీళ్ళు తాగడానికి లేచినా గోడ పట్టుకొని నడుస్తోందట. "పని సేసినోల్లకి అలుపుంటాది గానీ, పండుకున్నోల్లకి అలుపేందిమ్మే?" అని మారెక్క మూతి తిప్పిన తీరును ఆడవాళ్ళు ఒకరికొకరు చేసి చూపించుకొని నవ్వుకున్నారు.

మారెక్కకు సంగతి తెలియక కాదు. ఉలిగమ్మ మెడ వెనక అంటించిన బూడిదరంగు పట్టీని ఆమె చూసింది. దాని పేరు అలుపుతోడు. పట్టణాల్లో అది వచ్చి చాలాకాలమే అయినా, ఈ ఊరి హైస్కూలుకు చేరడం ఈ వేసవిలోనే.

అలాంటి పట్టీయే ఉలిగమ్మ తమ్ముడు ఎర్రిస్వామి మెడ మీదా ఉంది. పదో తరగతికి వచ్చిన ఆ పిల్లవాడు ఆ సమయానికి బడి వెనక గుట్ట మీదికి ఇసుకబస్తా మోసుకొని పరుగెడుతున్నాడు. ఫుట్‌బాల్ జట్టుకు వేసవి కసరత్తు మొదలైంది. బడులు తెరిచేలోగా కాళ్ళకు బలం, ఊపిరికి నిలకడ తేవాలి. బస్తా మోసేది వాడు, గుట్ట ఎక్కేది వాడు. ఆ అలుపు మాత్రం వాడి నరాల్లోంచి తోడుకొని వచ్చి ఇంట్లో మంచం మీదున్న అక్క నరాల్లోకి దిగుతోంది. ఒళ్ళు నొప్పులూ దాంతోపాటే.

ఇది చేసినవాళ్ళు తెలివితక్కువవాళ్ళేం కారు. కసరత్తులో పిల్లలు ప్రాణాల మీదికి తెచ్చుకునేది పంతం వల్లనేనని వాళ్ళు గమనించారు. ఆటగాడు తన అలుపు గురించి నిజం చెప్పడు. ఇంట్లో కూర్చున్న మనిషికి పంతంతో పని లేదు, భరించలేకపోతే పట్టీ మీది మీట నొక్కి 'చాలు' అంటుంది. నొక్కకపోయినా, ఆమె అలుపు హద్దు దాటగానే మైదానంలోని ఓర్పుపలక మీద పిల్లవాడి పేరు ఎర్రబడుతుంది, కసరత్తు ఆగుతుంది. పలక వాడి గుండెనూ ఊపిరినీ కూడా చూస్తుంది. కండ లోపల పోగులు తెగడాన్ని మాత్రం చూడలేదు. ఆ కబురు తెచ్చేది అలుపూ నొప్పీ మాత్రమే.

జిల్లా జట్టుకు ఎంపికైన పిల్లవాడి కుటుంబానికి నీళ్ళున్న పట్టణంలో కాపురం దొరుకుతుంది. తల్లి లేదు. తండ్రి సముద్రానికి అడ్డుగోడ కట్టే పనికి పోయి ఏడాదికోసారి వస్తాడు. అందుకే తోడు ఎవరని బడిలో ఆటలు నేర్పే పురుషోత్తం సార్ అడిగినప్పుడు ఉలిగమ్మ తనే మెడ వంచింది.

మంచం మీద ఉండిపోతే కుదరదని కూలిపని మేస్త్రీ కబురు పంపాడు. ఆమె మళ్ళీ పనికి వచ్చింది. సౌరపందిళ్ళ నీడలో వేసవి వేరుశనగ, దానికి కలుపు తీత. పందిరి గుంజల మధ్య యంత్రాలు తిరగలేవు గనక ఆ పని ఇంకా మనుషులదే. తలా ఒక సాలు పట్టుకొని కూర్చున్నారు. గుట్ట మీద తమ్ముడు పరుగందుకున్నాడేమో, ఉలిగమ్మ సగం సాలులోనే కొడవలి వదిలేసి నేల మీద చేతులాన్చింది.

మారెక్క తన సాలు ముగించి వెనక్కి తిరిగింది. ముందు ముగించిన మనిషి వెనకబడిన మనిషి సాలులోకి అవతలి కొస నుంచి కలుపు తీస్తూ రావడం ఆ ఊరి పద్ధతి. అందరూ ఒక్కసారే గట్టు ఎక్కాలి. ఒకరిని ఎండలో వదిలి నీళ్ళు తాగడం అక్కడ ఎరగరు.

ఎదురెదురుగా కలిశాక మారెక్క ఆమె మొహం చూసింది.

"ఏమ్మే, నిజంగానేనా? నేను యాక్షన్ అనుకుంటి."

"నువ్వు ఊరంతా సెప్పింది యినపడిందిలే అక్కా."

"సెప్తి. ఇప్పుడేం జేస్తావు? ఆ పట్టీ నాకు గూడా యేసేకి అయితాదా?"

అవుతుంది. తోడుగా ఉన్న మనిషికి జ్వరమో, పురుడో వస్తే ఇంకొకరు అందుకోవడానికి 'మారుతోడు' అని ఒక ఏర్పాటు ఉంది. పట్టీకి పట్టీ తాకిస్తే అలుపులో వాటా అటు పోతుంది, మళ్ళీ తాకిస్తే తిరిగొస్తుంది. బడిలో అడిగితే మారుతోడు పట్టీలు ఇస్తున్నారు, ఎన్నని ఎవరూ అడగడం లేదు. మర్నాటికి మారెక్క మెడ మీదా పట్టీ వచ్చింది. ఆమె మీద జాలిపడి లింగమ్మ, లింగమ్మను చూసి ఓబుళమ్మ, ఆ వరుసన కూలి గుంపంతా మెడలు వంచింది.

ఆ తర్వాత పని కులాసాగా సాగింది. అలుపు ఒక్కొక్కరికీ చిటికెడు చొప్పున వచ్చేది. "నా మోకాలు ఈ పొద్దు గోలు కొట్టిందిమ్మే" అని లింగమ్మ అంటే, "నీ మోకాలా, అది ఈ గట్టే దాటలేదు గదే" అని మారెక్క అనేది. ఉలిగమ్మ కూడా నవ్వేది.

మైదానంలో ఎర్రిస్వామి పేరు పలక మీద పచ్చగా ఉండేది. బస్తా బరువు పెంచినా పచ్చదనం తగ్గలేదు. పురుషోత్తం సార్ అది చూసి మురిసిపోయాడు. మిగతా పిల్లలు నీడకు పోతుంటే వీణ్ణి ఒక్కణ్ణీ ఇంకోసారి, ఇంకోసారి అని గుట్ట ఎక్కించాడు. దుర్మార్గుడు కాడు. పలక చెప్పినదాన్ని నమ్మాడు, అంతే.

ఎంపికలు దగ్గరపడ్డాక ఒక పొద్దున ఎర్రిస్వామి పెరట్లోంచి వచ్చి అక్క దగ్గర నిలబడ్డాడు.

"అక్కా, ఉచ్చ నల్లగా పోతాండాది. డికాషన్ మాదిరి."

ఉలిగమ్మ చేతిలో పని ఆగింది. "నొప్పేమన్నా ఉందేరా?"

పిల్లవాడు నవ్వాడు. "నన్నడుగుతావేందిక్కా? నొప్పుండేది నీతాన గదా. నువ్వే సెప్పల్ల."

ఆమె తన ఒంట్లో వెతుక్కుంది. ఎడమ పిక్కలో ఒక పిసరు బరువు, అంతే. మిగిలినదంతా ఊళ్ళో ఆడవాళ్ళ ఒళ్ళలో ఉంది, ఎవరికీ లెక్కలోకి రానంత కొంచెం కొంచెంగా.

"ఈ పొద్దు పోవాకురా."

"సార్ తిడతాడక్కా. ఎండకు అట్లే అయితాదిలే." వాడు అప్పటికే వాకిలి దాటాడు.

ఉలిగమ్మ పొలానికి పరుగెత్తింది. "అందరూ నాది నాకిచ్చేయండి" అని మెడ వంచి నిలబడింది.

"పిచ్చి లేసిందా? యేటికి?" అంది మారెక్క.

"వానికి ఎంత నొప్పుందో నాకు తెలియల్ల."

"తెలుసుకోని ఏం జేస్తావు? పడిపోతావు. వాడు బాగనే ఉరుకుతాండాడు గదా."

"అక్కా, ఇచ్చేయమంటి."

గొణుక్కుంటూనే ఒక్కొక్కరూ వచ్చి పట్టీ తాకించారు. నలుగురైదుగురు తాకించేసరికే ఆమె మోకాళ్ళు నేలకు దిగాయి. ఆఖరున మారెక్క తాకించింది. అప్పుడు వచ్చింది అలుపు కాదు. తొడల్లో గాజుపెంకులు పోసి దంచుతున్నట్టు ఉంది. సాలులో అడ్డంగా పడి, చేయి వెనక్కి పోనిచ్చి, తడుముకొని మీట నొక్కింది.

గుట్ట కింద పలక ఒక్కసారిగా ఎర్రబడింది. పురుషోత్తం సార్ ఈల వేశాడు. ఎర్రిస్వామి బస్తా దించి చెమట తుడుచుకున్నాడు.

"నాకేం కాల్యా సార్. మాయక్క భయపడినట్టుంది."

"పర్వాలేదు, కాసేపు కూర్చో."

కూర్చున్నాడు. మళ్ళీ లేవమంటే కాళ్ళు లేవలేదు. ఎందుకు లేవడం లేదో తెలియక వాటివైపు వింతగా చూశాడు.

జిల్లా ఆసుపత్రిలో డాక్టరు కండలు కరిగి రక్తంలో కలిశాయని, మూత్రపిండాలు పూర్తిగా చెడిపోయాయని చెప్పాడు. సూది వేయడానికి మెడ మీది పట్టీ తీయబోతే, పక్క మంచం మీద ముడుచుకొని పడి ఉన్న ఉలిగమ్మ చేయి అడ్డం పెట్టింది. తీస్తే నొప్పి తిరిగి వాడికే పోతుంది. సూదికి ఇంకోచోటు వెతుక్కున్నారు. బడి తెరిచేలోగా ఇంటికి పంపిస్తారా అని వాడు అడుగుతూనే ఉన్నాడు. ఆమె పళ్ళు బిగబట్టి ఊ కొడుతూనే ఉంది. ఒక మధ్యాహ్నం ఆమె ఒంట్లో నొప్పంతా ఉన్నట్టుండి తీసేసినట్టు పోయింది. తల తిప్పకుండానే ఆమెకు తెలిసిపోయింది.

కర్మ అయ్యాక పట్టీలు చేసిన సంస్థ నుంచి ఒక అధికారిణి వచ్చింది. బడి వరండాలో పురుషోత్తం సార్ తల వంచుకొని కూర్చున్నాడు. ఆడవాళ్ళు గోడవారగా కూర్చున్నారు.

అధికారిణి మర్యాద తెలిసిన మనిషి. గొంతు తగ్గించి మాట్లాడింది. "పట్టీలో లోపం లేదమ్మా. ఒక్కరి దగ్గరే ఉండుంటే మొదటి వారంలోనే పలక ఆపేసేది. ఇంతమంది ఎందుకు పంచుకున్నారు?"

"అది మా పక్కనే పడిపోయె. సూస్తా కూసోల్లనా?" అంది మారెక్క. ఆ మాట అంటూనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మీరు మంచి మనసుతోనే చేశారు. మేమే ఊహించలేకపోయాం," అంది అధికారిణి. "వచ్చే వేసవికి పట్టీలు మారుస్తాం. మారుతోడు ఒక్కరికి మించి ఉండరు. అప్పుడు పిల్లలకు అలుపుతోడు ఇంకా భద్రంగా ఉంటుంది."

పురుషోత్తం సార్ తలూపాడు. ఉలిగమ్మ లేచి, గోడ పట్టుకోకుండా నిలబడింది.

"వాని అలుపు వానితానే ఉండింటే, వాడే కూసునేటోడు మేడం."